విదేశీ కంపెనీలో ఉద్యోగమా? ముందు యజమాని ఎవరో తేల్చుకోండి

ఆఫర్ వచ్చిందని ఫోన్ చేసేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒక్కటే: "అన్నీ పోను చేతికి ఎంతొస్తుంది?" నేను తిరిగి అడిగేదీ ఒక్కటే: "ఆ కాగితం మీద యజమాని అని ఎవరి పేరుంది?" చాలామందికి ఈ ప్రశ్న చిరాకు తెప్పిస్తుంది. నెలకి ఇన్ని వేల డాలర్లు అని సంబరంగా చెబుతుంటే మధ్యలో ఈ పేరు గొడవేంటి అన్నట్టు మాట్లాడతారు. మాదాపూర్‌లో పే రోల్ పని నాది. ఇక్కడ మనుషుల్ని పెట్టుకునే విదేశీ కంపెనీలకి జీతాల లెక్కలు, పీఎఫ్ చలాన్లు, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్లు చూస్తుంటాను. ఇలాంటి ఉద్యోగంలో డాలర్ల సంగతి తర్వాత, ముందు బేరమాడాల్సింది ఆ పేరు గురించే అని నా వాదన.

మన దేశంలో ఆఫీసు లేని అమెరికా కంపెనీయో, యూరప్ స్టార్టప్పో వైజాగ్‌లో ఇంటి నుంచి పనిచేసే మనిషిని తీసుకోవాలంటే మూడు దారులున్నాయి. ఇక్కడ సొంతంగా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టుకోవచ్చు. అది ఖర్చుతోనూ ఆలస్యంతోనూ కూడిన పని, ఐదారుగురి కోసం ఎవరూ పెట్టరు. ఇప్పటికే ఇక్కడ కంపెనీ ఉన్న మధ్యవర్తి సంస్థ రోల్స్‌లో మనిషిని పెట్టొచ్చు. దీన్ని ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్, పొట్టిగా ఈఓఆర్ అంటారు. పని చెప్పేది అమెరికా మేనేజర్, జీతం వేసేది ఈఓఆర్. ఇందుకు అది మనిషికి ఇంత అని నెలనెలా ఫీజు తీసుకుంటుంది. ఇక మూడోది, అన్నిటికంటే చవకైనది: మిమ్మల్ని కాంట్రాక్టర్ అనడం. అమెరికా కంపెనీ అయితే, మీరు అమెరికావాళ్లు కాదని చెప్పే డబ్ల్యూ-8బెన్ అనే అక్కడి పన్ను ఫారం మీద మీతో సంతకం పెట్టించుకుంటారు. నెలాఖరుకి మీరు ఇన్‌వాయిస్ పంపితే డబ్బు వేస్తారు. వాళ్ల వైపు నుంచి అంతటితో సరి.

ఈ మూడో దారి పట్టినవాళ్ల రోజు ఎలా గడుస్తుందో చూడండి. సాయంత్రం ఆరున్నరకి స్టాండప్ మీటింగ్, రాకపోతే స్లాక్‌లో మెసేజ్. ల్యాప్‌టాప్ కంపెనీదే, అందులో ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలో కూడా వాళ్లే చెబుతారు. సెలవు కావాలంటే మేనేజర్ ఒప్పుకోవాలి. ఏడాదికోసారి పెర్ఫార్మెన్స్ రివ్యూ. వేరే క్లయింట్‌కి పనిచేయాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఇది ఉద్యోగం కాకపోతే ఇంకేమిటి?

మన సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకి 1973లోనే జవాబు చెప్పింది, అదీ తెలంగాణ ప్రాంతపు షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద నడిచిన కేసులో. పేరు సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు. ఆ కొట్లో కుట్టేవాళ్లకి నెల జీతం లేదు, కుట్టిన బట్టకి ఇంత అని కూలి. రోజంతా అక్కడే ఉండాలన్న నిబంధనా లేదు. కొందరు బట్ట ఇంటికి పట్టుకెళ్లి కుట్టేవాళ్లు. వీళ్లు మా ఉద్యోగులే కారని యజమానులు వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. కుట్టు మిషన్లు కొట్టువి. ఎలా కుట్టాలో చెప్పేది కొట్టు. నచ్చకపోతే విప్పి మళ్లీ కుట్టమనే హక్కూ కొట్టుదే. కాబట్టి వీళ్లు ఉద్యోగులేనని తేల్చింది. ఆ మిషన్ స్థానంలో ల్యాప్‌టాప్ పెట్టి, విప్పి కుట్టడం బదులు కోడ్ రివ్యూ అనుకుని ఆ తీర్పు చదువుకోండి.

"ఈ ఒప్పందానికి అమెరికాలోని డెలావేర్ రాష్ట్ర చట్టం వర్తిస్తుంది" అని చివరి పేజీలో ఒక వాక్యం ఉంటుంది, దాన్ని చూసి చాలామంది భయపడతారు. ఆ వాక్యం రాసుకున్నంత మాత్రాన ఇక్కడి పీఎఫ్ చట్టం, గ్రాట్యుటీ చట్టం, ప్రసూతి చట్టం పక్కకి తప్పుకోవు. పని ఎక్కడ జరుగుతుందో అక్కడి కార్మిక చట్టమే పనికి వర్తిస్తుందన్నది దాదాపు ప్రపంచమంతా ఒప్పుకునే పద్ధతి. ఆ కంపెనీవాళ్లకీ ఈ సంగతి తెలియనిది కాదు. అమెరికాలో ఉన్న మన వాళ్లని అడగండి, డబ్ల్యూ-2కీ (ఉద్యోగికి ఇచ్చే పన్ను ఫారం) 1099కీ (కాంట్రాక్టర్‌కి ఇచ్చేది) తేడా నిద్రలో లేపినా చెబుతారు. అక్కడ 1099 మీద పనిచేసేవాడు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ రెండు వైపులదీ కలిపి 15.3 శాతం తనే కట్టుకోవాలి. అందుకే గంట రేటు ఎక్కువ అడుగుతాడు. అదే కంపెనీ మన దగ్గరికి వచ్చేసరికి, కాంట్రాక్టర్ రిస్కు అంతా మన మీద పెట్టి ఉద్యోగి రేటే ఇస్తుంది. మనం దాన్ని రూపాయల్లోకి మార్చుకుని చూసి మురిసిపోతాం.

అయితే హక్కు ఉండటం వేరు, దక్కడం వేరు. నేను ఉద్యోగినే అని కూకట్‌పల్లిలో ఉన్న ఒక డెవలపర్ రేపు నిరూపించుకున్నాడనుకోండి. నోటీసు ఎవరికి పంపాలి? ఇక్కడ ఆఫీసు లేదు, డైరెక్టర్ లేడు, బ్యాంకు ఖాతా లేదు. పీఎఫ్ ఆఫీసు ఇన్‌స్పెక్టర్ వెళ్లి తలుపు తట్టడానికి ఒక తలుపంటూ ఉండాలి కదా. యజమాని పేరు గురించి నేను ఇంతగా పట్టుబట్టేది ఇందుకే. ఆ పేరు పక్కన భారతదేశపు చిరునామా ఉంటే చట్టం పనిచేస్తుంది. లేదంటే ఆ కంపెనీ మంచితనం మీద ఆధారపడి బతకాలి.

మంచితనం ఎంతవరకు వస్తుందో ఒకసారి దగ్గర నుంచి చూశాను. వైజాగ్‌లో ఉంటూ ఒక యూరప్ స్టార్టప్‌కి డిజైన్ పని చేసే అమ్మాయి, మా బంధువుల్లోనే. రెండేళ్లుగా కాంట్రాక్టర్. కడుపుతో ఉన్నానని ఏడో నెలలో మేనేజర్‌కి చెప్పింది. ఆయన చాలా సంతోషించాడు. టీమ్ అంతా వీడియో కాల్‌లో చప్పట్లు కొట్టారు, పువ్వులు పంపారు. "నీకు ఎంత కావాలంటే అంత టైమ్ తీసుకో" అన్నాడు. ఈ అమ్మాయి అమ్మయ్య అనుకుంది. డెలివరీ అయ్యాక ఇన్‌వాయిస్ పంపాలా వద్దా అని అడిగితే, పనిచేసిన రోజులకి తప్పకుండా పంపమని చాలా మర్యాదగా జవాబొచ్చింది. అంటే సున్నా. ఆయన్ని చెడ్డవాడని నేను అనను, ఒప్పందంలో ఉన్నదే చెప్పాడు. అదే ఆమె ఈఓఆర్ రోల్స్‌లో ఉండి ఉంటే, కాన్పుకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, 26 వారాల పూర్తి జీతం చట్టప్రకారం వచ్చేది. మొదటి ఇద్దరు పిల్లల వరకు ఈ 26 వారాలు 2017 నుంచి అమల్లో ఉన్నాయి.

ఇక్కడ అవతలి పక్షం మాట కూడా చెప్పాలి. అమెరికాలో కేంద్ర చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా, అదీ కనీసం 50 మంది ఉన్న కంపెనీల్లో. అక్కడి ఫౌండర్‌కి మన 26 వారాల సంగతి చెబితే ఫోన్‌లో కాసేపు మాట ఉండదు. పైగా మన దేశంలో ఆ ఖర్చంతా యజమాని జేబులోంచే పోతుంది. బ్రిటన్‌లో అయితే చట్టప్రకారం ఇచ్చిన ప్రసూతి జీతంలో 92 శాతం పెద్ద కంపెనీలు సైతం ప్రభుత్వం నుంచి తిరిగి రాబట్టుకుంటాయి, చిన్న కంపెనీలకి అంతా వస్తుంది, పైన కొంత కలిసి. మన దగ్గర ఈఎస్‌ఐ పరిధిలో ఉన్నవాళ్లకి తప్ప అలాంటి ఏర్పాటు లేదు. నెల జీతం 21,000 దాటితే ఈఎస్‌ఐ ఉండదు, ఐటీ వాళ్లలో చాలామంది సంగతి అక్కడే తేలిపోయింది. చట్టం మంచిదే, భారం మాత్రం ఒక్కరి నెత్తిన పెట్టారు. ఐదుగురున్న స్టార్టప్ ఆడపిల్లల్ని తీసుకోవడానికి వెనకాడితే ఆ తప్పులో మన వాటా కూడా ఉంది.

ఇక కాంట్రాక్టర్‌గా ఉంటేనే లాభం అనేవాళ్ల అసలు ఆయుధం పన్ను. దీన్ని దాటవేస్తే నా వాదన చెల్లదు. 2025-26 ఆర్థిక సంవత్సరం లెక్కే తీసుకుందాం. 24 లక్షలు జీతంగా వస్తే, కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోను, సెస్సుతో కలిపి 2,92,500 పన్ను. అదే 24 లక్షలు వృత్తి ఆదాయంగా చూపించి 44ఏడీఏ అనే ఆదాయపు పన్ను సెక్షన్ కింద సగాన్నే ఆదాయంగా లెక్కిస్తే 12 లక్షలు. రిబేటుతో పన్ను సున్నా. ఏడాదికి దాదాపు మూడు లక్షలు మిగలడం ఎవరికి చేదు? సాఫ్ట్‌వేర్ పని ఆ సెక్షన్ చెప్పే వృత్తుల్లోకి వస్తుందా రాదా అని చార్టర్డ్ అకౌంటెంట్లే వాదించుకుంటున్నారు. 20 లక్షలు దాటితే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ఎగుమతి కాబట్టి పన్ను పడకపోయినా, పన్ను కట్టకుండా ఎగుమతి చేస్తామని రాసిచ్చే ఎల్‌యూటీ, రిటర్నులు తప్పవు. అవన్నీ ఒక మంచి ఆడిటర్ చూసుకుంటాడు, ఒప్పుకుంటాను.

కానీ ఆ రాయితీ ప్రభుత్వం ఎవరికోసం పెట్టింది? సొంత ప్రాక్టీసు నడిపే డాక్టరు, లాయరు, ఆర్కిటెక్టు కోసం. వాళ్లకి నలుగురు క్లయింట్లుంటారు, ఒకరు పోతే ముగ్గురు మిగులుతారు. ఫీజు వాళ్లే చెబుతారు, ఆదివారం తలుపు మూసుకుంటారు. మనవాడికి ఉన్నది ఒకే క్లయింటు. రేటు వాడు చెప్పిందే, టైమ్ వాడు చెప్పిందే, తీసేయాలంటే ఒక ఈమెయిల్ చాలు. వ్యాపారి రిస్కూ ఉద్యోగి బానిసత్వమూ రెండూ నెత్తిన వేసుకుని, పన్ను మిగిలింది కదా అంటే ఎలా? నిజంగా కాంట్రాక్టర్‌గానే ఉండదలిస్తే కాంట్రాక్టర్ రేటు అడగండి. అదే పనికి ఉద్యోగికి ఇచ్చేదానిపై కనీసం మూడో వంతు ఎక్కువ ఉండాలని నా లెక్క. వేరే క్లయింట్లకి పనిచేయొద్దన్న వాక్యం కొట్టేయించండి, మీ టైమ్ మీదని రాయించుకోండి. అవి కుదరవంటారా, అయితే మీరు ఉద్యోగి. ఉద్యోగికి దక్కేవన్నీ అడగండి. రెండు పడవల మీద కాళ్లు పెట్టడం వల్ల లాభపడేది వాళ్లే.

ఉద్యోగికి దక్కేవి అంటే చాలామందికి గుర్తొచ్చేది పీఎఫ్ కటింగే, అదీ విసుగ్గా. "మేడమ్, పీఎఫ్ వద్దని రాసిస్తా, ఆ డబ్బు చేతికే ఇప్పించండి." ఇది నేను వారానికోసారైనా వినే మాట. మొదటిసారి ఉద్యోగంలో చేరుతూ నెల జీతం 15,000 పైన ఉన్నవాళ్లకి ఆ వెసులుబాటు ఉండేది, ఫారం 11లో ప్రకటించి బయట ఉండొచ్చు. ఇదివరకే యూఏఎన్ (పీఎఫ్ సభ్యత్వ నంబరు) ఉండి ఖాతాలో డబ్బున్నవాళ్లకి అదీ లేదు. వద్దనేవాళ్లకి తెలియని విషయం ఇంకొకటుంది. పీఎఫ్‌తో పాటు ఈడీఎల్‌ఐ అని ఒక బీమా వస్తుంది. 15,000 మీద అర శాతం, అంటే నెలకి 75 రూపాయలు, అదీ యజమానే కడతాడు. ఉద్యోగంలో ఉండగా మనిషికి ఏదైనా అయితే కుటుంబానికి 7 లక్షల వరకు వస్తుంది. పీఎఫ్ పెన్షన్ పథకంలో సభ్యత్వం ఉన్నవాళ్ల భార్యాపిల్లలకి పెన్షన్ వేరే. కాంట్రాక్టర్‌కి ఇవేవీ లేవు.

గ్రూప్ మెడికల్ పాలసీ సంగతి మరీ ముఖ్యం. ఇది ఇవ్వాలని మన ఐటీ ఉద్యోగుల విషయంలో గట్టి చట్టమేమీ లేకపోయినా, ఈఓఆర్‌లు మామూలుగా పెట్టి ఇస్తాయి. అమ్మానాన్నలకి షుగరు, బీపీ లేని ఇల్లు మన వైపు ఎక్కడుంది? బయట సొంతంగా పాలసీ తీసుకుంటే పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ పెడతారు. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దాన్ని గరిష్ఠంగా 3 ఏళ్లకి తగ్గించింది, అంతకుముందు 4. కంపెనీ గ్రూప్ పాలసీలో తల్లిదండ్రుల్ని చేర్చే వీలుంటే సాధారణంగా మొదటి రోజు నుంచే పాత జబ్బులకీ వర్తిస్తుంది. మూడు లక్షల పన్ను ఆదా చేసుకున్న ఇంట్లో నాన్నగారికి స్టెంట్ వేయాల్సి వస్తే ఆ లెక్క ఎటు తేలుతుందో మీరే వేసుకోండి.

ఈఓఆర్ రోల్స్‌లో చేరితే అంతా సాఫీ అనుకోవడం కూడా పొరపాటే. అక్కడ మొదటి తలనొప్పి సీటీసీ, అంటే మీ మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు. విదేశీ కంపెనీలు చాలావరకు జీతం అంటే గ్రాస్ అనే అనుకుంటాయి. యజమాని వైపు ఖర్చులు దానికి అదనం. మన దగ్గర యజమాని కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ పేరుతో పక్కన పెట్టేది, ఇన్సూరెన్స్ ప్రీమియం, అన్నీ కలిపి చూపించడం అలవాటు. కంపెనీ "24 లక్షలు" అని ఒప్పుకుంటుంది, ఇక్కడ ఆఫర్ లెటర్ టైప్ చేసేవాళ్లు దాన్ని సీటీసీ గడిలో పెడతారు. బేసిక్ నెలకి లక్ష అనుకుంటే, యజమాని పీఎఫ్ 12 శాతం ఏడాదికి 1,44,000, గ్రాట్యుటీ 4.81 శాతం అంటే దాదాపు 57,700. రెండు లక్షలు మీ జీతంలోంచే మీ యజమాని వాటా కట్టినట్టయింది. ఎవరూ మోసం చేయలేదు, ఒక్క పదాన్ని ఎవరూ విప్పి చెప్పలేదంతే. అందుకే సంతకానికి ముందు విదేశీ మేనేజర్‌కే నేరుగా మెయిల్ రాయమంటాను: మీరు ఒప్పుకున్న అంకె నా గ్రాస్ జీతమా, మీకయ్యే మొత్తం ఖర్చా? గ్రాసే అని జవాబొచ్చి ఆఫర్ మార్చిన సందర్భాలు నేను చూశాను.

బేసిక్ తక్కువ చేసి అలవెన్సులు పెంచే పాత ఆట ఇంకోటి. ఇది మన ఒక్కరిదే కాదు. దుబాయ్‌లో పనిచేసి వచ్చిన కరీంనగర్, కోనసీమ వాళ్లకి బాగా తెలుసు. అక్కడ గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకి ఏడాదికి 21 రోజులు, ఆ తర్వాత 30 రోజులు, రెండూ బేసిక్ మీదే. బేసిక్ ఎంత తక్కువ రాస్తే దిగిపోయేటప్పుడు చేతికి అంత తక్కువ. మన దగ్గర 2025 నవంబర్ 21న అమల్లోకి తెచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు దీనికి పగ్గం వేశాయి. అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటినంతా వేతనంలో కలిపి లెక్కించాలి. నియమిత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది దాటితే గ్రాట్యుటీ. ప్రతి ఒక్కరికీ నియామక పత్రం. ఉద్యోగం మానేస్తే లేదా తీసేస్తే రెండు పనిదినాల్లో వేతన బకాయి. నలభై అయిదు రోజులు ఫుల్ అండ్ ఫైనల్ కోసం ఎదురుచూసినవాళ్లకి ఆ చివరిది వినసొంపుగా ఉంటుంది. మా పే రోల్ వాళ్లకి మాత్రం టెన్షన్.

విదేశీ కంపెనీలే ఇలా తడబడతాయనుకోకండి. మన హైదరాబాద్ కంపెనీలు బయట మనుషుల్ని పెట్టుకున్నప్పుడూ ఇదే వరస. ఫిలిప్పీన్స్‌లో డిసెంబర్ 24 లోపు పదమూడో నెల జీతం ఇచ్చి తీరాలి, 1975 నుంచి అక్కడ అది చట్టం. మెక్సికోలో డిసెంబర్ 20 లోపు కనీసం 15 రోజుల జీతం. దాన్ని బోనస్ అనుకుని "ఈ ఏడు లాభాలు లేవు, తర్వాత చూద్దాం" అన్న మన మేనేజర్లకి అక్కడి లేబర్ ఆఫీసు గురించి నేను చెప్పాల్సి వచ్చింది.

చివరిగా, ఈఓఆర్‌లో ఉన్నవాళ్లు ఎవరూ ముందుగా ఆలోచించని విషయం ఒకటుంది. కంపెనీ పెరుగుతుంది. నాలుగో ఏటో ఐదో ఏటో ఇక్కడ సొంత ప్రైవేట్ లిమిటెడ్ పెడుతుంది. అందరికీ కేకు కోసి, కొత్త కంపెనీ పేరుతో కొత్త ఆఫర్ లెటర్లు ఇస్తారు. మీరు ఈఓఆర్‌కి రాజీనామా చేసి ఇటు చేరతారు. అదే సీటు, అదే పని, అదే మేనేజర్. కాగితం మీద మాత్రం యజమాని మారాడు. గ్రాట్యుటీకి కావలసిన ఐదేళ్ల లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి. నెలకి లక్ష వేతనం ఉన్నవాడికి ఐదేళ్లకి వచ్చేది 2,88,000 పైచిలుకు. నాలుగేళ్లు చేసి మారినవాడు అందులో ఆ నాలుగేళ్ల వాటా వదులుకున్నట్టే, నెలనెలా సీటీసీలో గ్రాట్యుటీ అని చూపించిన డబ్బు కూడా ఈఓఆర్ దగ్గరో కంపెనీ దగ్గరో మిగిలిపోతుంది. పైగా కొత్త కంపెనీలో పది మంది కూడా లేకపోతే గ్రాట్యుటీ చట్టమే వర్తించదు, ఇరవై మంది లేకపోతే పీఎఫ్ తప్పనిసరి కాదు. వందల మంది ఉన్న ఈఓఆర్‌లో ఈ సమస్య ఉండేది కాదు. అందుకని కొత్త ఆఫర్ లెటర్‌లో "పాత తేదీ నుంచి సర్వీసు కొనసాగుతుంది, గ్రాట్యుటీ బాధ్యత కొత్త కంపెనీ తీసుకుంటుంది" అన్న వాక్యం రాయించుకోండి. రాజీనామా మెయిల్ పంపకముందే అడగాలి. పంపాక అడిగితే, ఈఓఆర్ హెచ్‌ఆర్‌కి మీరు వెళ్లిపోయిన మనిషి, కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌కి నిన్నగాక మొన్న చేరిన మనిషి.